వెనక్కి తెచ్చిన తవుడు బస్తా

భద్రాచలం వెళ్లొచ్చానంటే ఎవరైనా ముందు చెయ్యి చాపి ప్రసాదం అడుగుతారు. నా దగ్గర ప్రసాదం లేదు. నేను వెళ్లింది దేవుడి దర్శనానికి కాదు, ఒక మాట అబద్ధమని తేల్చడానికి. వెంట రెండు చేపలనూ ఒక తవుడు బస్తానూ తీసుకెళ్లాను. మూడో రోజు ఇల్లు చేరింది నేనూ, ఆ బస్తా.

మాది కారేపల్లి దగ్గర. ఊరి చివర మూడు సిమెంటు తొట్లు కట్టుకుని, నేనూ మా ఆయనా చేపపిల్లలు తీసి చెరువులవాళ్లకు, కుంటలవాళ్లకు ఇస్తుంటాం. బొచ్చె, రవ్వ లాంటివి సూదిమందు వేస్తే గాని తొట్లో గుడ్లు పెట్టవు. బంగారు తీగ చేపకు ఆ రాజసం లేదు. నీళ్లలో కాస్త గుర్రపుడెక్క వేస్తే దాని వేళ్లకు గుడ్లు అతికించి తన దారిన తాను పోతుంది. అందుకే మేం బంగారు తీగనే పట్టుకున్నాం. ఎనిమిది తల్లిచేపలు. పొద్దున, సాయంత్రం తవుడూ పల్లిచెక్కా కలిపి ముద్దలు చేసి నా చేత్తోనే వేస్తాను. వేసేముందు డబ్బా రేకు మూతను రెండుసార్లు తడతాను. ఆ చప్పుడు వింటే చాలు, ఎనిమిదీ నోళ్లు తెరుచుకుని ఒడ్డుకు వస్తాయి. ఇంకా కావాలంటే ఇంకా వేస్తాను. పెట్టే చెయ్యి వెనక్కి తీసుకోవడం మా పుట్టింట్లోనే లేదు.

అట్లాంటి చేపలు రెండేళ్లుగా గుడ్లు సరిగా పెట్టడం లేదు. పెట్టిన కాసిన్ని మర్నాటికల్లా తెల్లబడి పాడైపోతున్నాయి. చేపల సారు ఒకాయన వచ్చి ఒకదాని పొట్ట తడిమి చూసి, "అమ్మా, ఇది గుడ్ల కడుపు కాదు, కొవ్వు కడుపు. మీరు ఎక్కువ పెడుతున్నారు" అన్నాడు. నేను ఊరుకుంటానా? "కడుపు నిండ పెట్టుడు గూడ తప్పేనా సారూ?" అన్నాను. ఆయన నవ్వి, పర్ణశాల అవతల అడవి పల్లెలో చుక్కమ్మ కుంట చూసి రమ్మన్నాడు. మూడేళ్ల కింద మా దగ్గరే వేలెడు పిల్లలను పట్టుకెళ్లిన కోయ మనిషి చుక్కమ్మ. ఇప్పుడు అవి పెరిగి ఏటా గుడ్లు పెడుతున్నాయట. ఆమె తవుడన్నదే కొనదట.

నాకు ఒళ్లు మండిపోయింది. నా చేప కడుపున పుట్టిన చేపలు, నా తిండి తినకుండా గుడ్లు పెడుతున్నాయా?

మా ఆయన నాకంటే నెమ్మది మనిషి. ఈసారి మాత్రం నన్ను అడగకుండానే చేపలు కొనే ఆయనను పిలిచాడు. ఆ మనిషి తొట్టి మీదికి వంగి చూసి, "గొడ్డు చేపలు గదక్కా, కూరకే పోతయ్" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. మాకు పిల్లలు కలగలేదు. పెళ్లైన ఐదారేళ్లకు పేరంటానికి వెళితే, వరసగా అందరికీ బొట్టు పెడుతూ వచ్చి నా దగ్గర దాటిపోయిన చేతులు ఇంకా గుర్తున్నాయి. నా వెనక ఆ మాట అన్నవాళ్లున్నారు, నా ముందర అన్నవాళ్లూ ఉన్నారు. చేపలను అన్నాడు కదా అని సర్దుకోలేకపోయాను. "ఆదివారం దాక ఆగు. నేను మాట్లాడేది ఉంది" అన్నాను. ఆ రోజు బుధవారం.

నా వాదన నాకుంది. తప్పు మేతది కాదు, మా బోరు నీళ్లది. నా తల్లిచేపలను చుక్కమ్మ కుంటలో వేస్తే అవీ గుడ్లు పెడతాయి. అప్పుడు ఆ సారు నోరూ, ఈ బేరగాడి నోరూ ఒకేసారి మూయొచ్చు.

ఇల్లందు

యాకూబ్ ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడుకున్నాను. యాకూబ్ మా ఊరివాడే, ముగ్గురు ఆడపిల్లల తండ్రి, ఖమ్మం మార్కెట్‌కు పత్తీ మిర్చీ మోస్తుంటాడు. చేపలను మోయడం అతనికి ఇదే మొదలు. నీళ్ల డ్రమ్ములో రెండు తల్లిచేపలు, పక్కన బ్యాటరీతో గాలి కొట్టే చిన్న మోటారు, వెనక తవుడు బస్తా. బస్తా చుక్కమ్మకు కానుక. చేపలను ఎట్లా సాకాలో చూపిద్దామని నా ఉద్దేశం.

దూరం పోయే చేపకు ముందురోజు నుంచే పస్తు పెట్టాలి. కడుపు ఖాళీగా ఉంటేనే డ్రమ్ములో నీళ్లు చెడవు. మా దగ్గర పిల్లలు కొనుక్కెళ్లే ప్రతివాళ్లకూ ఇది చెప్పి పంపేదాన్ని నేనే. అయినా బయల్దేరే పొద్దున అవి మూతులు బయటపెట్టి చూస్తుంటే మనసు ఒప్పలేదు. ఒక ముద్ద వేశాను. ఎవరూ చూడలేదు.

ఇల్లందులో చాయ తాగడానికి ఆగాం. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. రోడ్డుకు రెండు వైపులా మిరప కళ్లాలు, ఆరబోసిన కాయల ఘాటుకు తుమ్ములు ఆగలేదు. హోటలు ముందు మూటలు పెట్టుకుని కొందరు ఆడవాళ్లు బస్సు కోసం చూస్తున్నారు. మిరప కోతకు వచ్చి తిరిగి తమ అడవి ఊళ్లకు పోతున్న కూలీలు. కూలి డబ్బులు కాక, ఇంటి కారానికి తలా కొన్ని ఎండు కాయలు మూట కట్టుకున్నారు. అందులో ఒకామె లేచొచ్చి డ్రమ్ములోకి తొంగి చూసింది.

"ఏందక్కా, గింత దొడ్డుగున్నయ్. ఈదుతయా?" అంది.

"ఎందుకు ఈదవు? మంచి తిండి తిన్నయ్" అన్నాను.

"అవ్, కనబడుతనే ఉంది" అని పక్కామెతో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. యాకూబ్ కూడా నవ్వాడు. అతనికి ఆ భాష రాదు, నవ్వడం మాత్రం వచ్చు.

పదిహేను రూపాయలకు చిన్న గ్లాసులో ముప్పావు చాయ. మా ఊళ్లో పది రూపాయలకు గ్లాసు నిండా ఇస్తారు. ఆ మాట గట్టిగానే అన్నాను. హోటలాయన ఇంకొంచెం పోశాడు. అడిగితే గాని ఎవరూ పోయరు.

భద్రాచలం సత్రం

కొత్తగూడెం దాటాక ఆటో ఇంజను వేడెక్కి రెండుసార్లు ఆగింది. గోదావరి వంతెన దాటేసరికి పొద్దు గూట్లో పడుతోంది. ఆ వేళప్పుడు అడవి దారిలోకి పోవడం ఎందుకని ఒక సత్రం ముందు ఆగాం. అక్కడి నిర్వాహకుడు పెద్దాయన, తెల్ల పంచె, పెద్ద బొట్టు. గది ఇస్తానన్నాడు గాని డ్రమ్ము చూసి గుమ్మంలోనే చేతులు అడ్డం పెట్టాడు.

"నీచు వస్తువులు లోపలికి రానివ్వమమ్మా. పక్కన ఎక్కడైనా పెట్టుకోండి."

"నీచు ఏంది అయ్యా? కూరకు తెచ్చినయ్ అయితే గద. ఇవి తల్లిచేపలు. గుడ్లు పెట్టేందుకు పోతున్నయ్. కడుపుతోటి ఉన్నోళ్లను మీరు రోడ్డు మీద ఉండుమంటరా?"

ఆయన "ఆడమనిషితో వాదన పెట్టుకోను" అని గొణిగి, పెరట్లో కొళాయి దగ్గర పెట్టుకోమన్నాడు. నేను గెలిచానని అనుకున్నాను. ఆ గెలుపే నా కొంప ముంచింది.

పెరట్లో బట్టలు ఉతుక్కుంటున్న యాత్రికులు ఒక్కొక్కరే డ్రమ్ము చుట్టూ చేరారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ చేపలను చూసి కళ్లకద్దుకుంది. "మత్స్యావతారం కదండీ, రాముడి ఊళ్లో ఇట్లా దర్శనమిచ్చింది" అని కొంగులోంచి మరమరాలు తీసి వేసింది. చేపలు గబుక్కున మింగాయి. చూసి ఇంకొకరు అటుకులు వేశారు, మరొకరు కొబ్బరి ముక్కలు సన్నగా తుంపి వేశారు. ఒక తాత ప్రసాదం లడ్డూ పొడి చేసి వేశాడు.

వద్దనాలి. నాకు తెలుసు. కానీ నా చేపలకు అంతమంది దండం పెడుతుంటే ఛాతీ పొంగిపోయింది. గొడ్డు చేపలన్న నోళ్లు ఇక్కడికొచ్చి చూడాలి అనుకున్నాను. యాకూబ్ మాత్రం గోడకు ఆనుకుని బీడీ వెలిగిస్తూ, "అక్కా, మా పెద్దబిడ్డ పెండ్లిల గూడ గిట్లనే. అందరు మిఠాయి తినిపించిండ్రు. తెల్లారి దవాఖానల ఉంది" అన్నాడు.

"చెప్పేటోడికి వినేటోడు లోకువ. నువ్వు బండి సంగతి చూసుకో" అన్నాను.

పర్ణశాల

తెల్లవారి డ్రమ్ము మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. నీళ్లు పాల విరుగుడులా తయారయ్యాయి. రెండు చేపలూ పైకొచ్చి గాలి మింగుతున్నాయి. మూతి మీద నల్ల మచ్చ ఉన్నది ఒక పక్కకు ఒరిగింది. ఉన్న నీళ్లు సగం పారబోసి కొళాయి నీళ్లు పట్టాం, తర్వాత దారి పొడవునా నేను వెనక కూర్చుని చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తూనే ఉన్నాను.

పర్ణశాలలో గోదావరి ఒడ్డుకు దిగి బిందెలతో మంచి నీళ్లు తెచ్చుకున్నాం. సీతమ్మ చీర ఆరేసిన గుర్తులంటూ యాత్రికులకు రాళ్ల మీది చారలు చూపిస్తారక్కడ. చూపించే ఆవిడ నా దగ్గరికీ వచ్చింది. "నా చేప పోతున్నది తల్లీ, చీరెలు తర్వాత చూస్త" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి ఒక బిందె అందుకుని నీళ్లు మోసింది. మూడు విడతలు మోసింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, "గుడ్లు పెడితే చెప్పి పో" అంది. ఆమె పేరు అడగలేదు, ఆ తొందరలో తోచలేదు.

ఒడ్డున పది రూపాయలకు రేగుపళ్ల పొట్లం అమ్ముతున్నారు. యాకూబ్ కొనుక్కుని తిన్నాడు. నేను చేతిలో చెంబు వదల్లేదు.

చుక్కమ్మ కుంట

పర్ణశాల దాటాక తారు రోడ్డు వదిలి మట్టి దారి పట్టాం. మోదుగు పూలు దారంతా రాలి ఉన్నాయి. చుక్కమ్మ ఊరు ముప్పై నలభై ఇళ్లు, ఇల్లిల్లూ తుడిచి అలికినట్టు శుభ్రంగా ఉంది. మా తొట్ల దగ్గర నేను రోజూ ఊడ్చినా ఆ శుభ్రం రాదు, ఒప్పుకుంటాను.

చుక్కమ్మ నాకంటే పదేళ్లు చిన్నది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఫోనులో నా గొంతు విని ఎదురొచ్చింది. డ్రమ్ము చూసి పలకరింపులు కూడా పెట్టుకోకుండా ఒక చేపను ఎత్తుకుని కుంటకేసి పరుగెత్తింది. నేను రెండోదాన్ని పట్టుకుని వెనకాల. పెద్దది నీళ్లు తగలగానే తోక ఊపి బురదలోకి దిగిపోయింది. నల్ల మచ్చది నా చేతుల్లోనే ఉంది. నీళ్లలో ముందుకీ వెనక్కీ ఆడించాను, మొప్పల్లోకి నీళ్లు పోవాలని. చాలాసేపు ఆడించాను. చుక్కమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇగ ఇడువక్కా. పోయింది" అంది.

ఏడ్చాను. చేపకు ఏడుస్తారా అని యాకూబ్ తర్వాత అడిగాడు. ఏడుస్తారు. ఆరేళ్లు నా చేతి ముద్ద తిన్నది అది.

"పాడుగాకముందే కోద్దాం. వండుకుందాం" అంది చుక్కమ్మ. నాకు కోపం వచ్చింది గాని ఆమె చెప్పిందే నిజం. కత్తిపీట తెచ్చి కుంట గట్టు మీదే కూర్చుంది. పొట్ట నిలువునా చీల్చి లోపల చెయ్యి పెట్టి బయటకు లాగింది. పసుపు పచ్చటి కొవ్వు. పిడికిలి నిండా వచ్చింది, మళ్లీ చెయ్యి పెడితే మళ్లీ వచ్చింది. పేగుల చుట్టూ కొవ్వే. అందులో వెతికితే ఎక్కడో చిటికెన వేలంత గుడ్ల తిత్తి కనబడింది. ఈ కాలంలో పొట్టంతా గుడ్లే ఉండాల్సిన చేప.

చుక్కమ్మ ఆ గుడ్ల తిత్తిని వేరు చేసి ఆకులో పెట్టి నా ముందుంచింది.

"నీళ్లు..." అన్నాను. ఇంకా వదలలేదు నేను. "మా బోరు నీళ్లు మంచియి గావు. నీ కుంట నీళ్లు మంచియి."

"నీళ్లు కొవ్వైతయా అక్కా?" అంది. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది.

తర్వాత లేచి వెళ్లి కుంటలోంచి ఒక గుర్రపుడెక్క మొక్క పీకి తెచ్చి వేళ్లు విప్పి చూపించింది. వేళ్ల నిండా గుడ్లు అతుక్కుని ఉన్నాయి. ఒక్కటీ తెల్లబడలేదు. ఎండకు పెట్టి చూస్తే ఒక్కో గుడ్డులో రెండు నల్ల చుక్కలు. అవి పిల్ల కళ్లు. రెండేళ్లయింది నేను ఆ చుక్కలు చూసి.

"ఏం పెడుతున్నవే వీటికి? దాచకుండ చెప్పు" అన్నాను. ఏదో అడవి వేరో, ఆకో, పురుగో చెబుతుందని చూశాను.

చుక్కమ్మ కాస్త సిగ్గుపడింది. "ఏం పెడత అక్కా? మేం మిరప కోతకు పోతం. ఇరవై దినాలు, ఒక్కోసారి నెల. ఇంటికాడ మా అత్త ఒక్కతే. ఆమెకు కుంట దాక నడిచే ఓపిక లేదు. ఇగ వీటికి ఎవరేస్తరు? పస్తే. బురదల వానపామో పురుగో ఏం దొరికితే గది తింటయ్."

"వచ్చినంక?"

"ఎడ్లకు నానేసిన ఉలవలు ఉంటయ్ గద. మొలకలొచ్చినంక దోసెడు ఏస్త. దినం తప్పిచ్చి దినం. వాగు నీళ్లు కొంచెం కొత్తయి ఇడుస్త. వారం దాటదు, గిట్ల పెడతయ్."

ఇదీ ఆ పెద్ద రహస్యం. అడవి విద్యా కాదు, మంత్రమూ కాదు. ఆమె కూలికి పోవడం వల్ల చేపలు పస్తుండి సన్నబడుతున్నాయి, తిరిగొచ్చి సత్తువ తిండి కొంచెం వేస్తే ఆ సత్తువ గుడ్లకు పోతోంది. నేను ఇంటిపట్టున ఉండి రెండు పూటలా వేసిందంతా పేగులకు చుట్టుకుంది. ఇల్లందు హోటలు ముందు నా చేపలను చూసి నవ్విన ఆ మిరప కూలీ ఒక్క చూపుతో పట్టేసింది. ఇరవై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉండి నేను పట్టలేకపోయాను. తప్పు నాదేనని ఒప్పుకోవడం కంటే చేప చచ్చిపోవడమే తేలికగా అనిపించింది ఆ క్షణాన. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

మామిడి పిందె

మధ్యాహ్నం చింతపండు పులుసు పెట్టింది చుక్కమ్మ. పులుసులోకి మామిడి పిందెలు వేస్తే రుచిగా ఉంటుందని, వాకిట్లో కిందికి వంగిన కొమ్మ నుంచి ఒక పిందె తెంపాను. గబుక్కున ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చుక్కమ్మ అత్తగారు. ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి, పట్టు మాత్రం గట్టిది. కోయలో ఏదో అంది.

"మామిడి పండుగ గాలేదక్కా. అప్పటిదాక మేం ముట్టం" అంది చుక్కమ్మ.

కొత్త మామిడిని ముందు వాళ్ల దేవతలకు పెట్టి, పండుగ చేసుకున్నాకే ఊరంతా తింటారట. చిక్కుడైనా అంతేనట. మా వైపు పిందె కనబడితే ఉప్పూ కారం అద్ది అక్కడికక్కడే ముగిస్తాం, కాయ అయ్యేదాకా ఉండనివ్వం. ఎందుకు ఆగుతారని అడిగాను. "మా తాతలు ఆగిండ్రు. మేం ఆగుతున్నం" అంది చుక్కమ్మ. నేను తెంపిన పిందెను ముసలమ్మ చెట్టు మొదట్లో పెట్టింది. తప్పయిందని చేతులు జోడించాను. ఆమె పళ్లు లేని నోటితో నవ్వి, తినడానికి కూర్చోమని పీట చూపించింది.

పులుసులో చుక్కమ్మ నూనె బొట్టు కూడా వేయలేదు, నేను పక్కనే ఉండి చూశాను. అయినా గిన్నెలో వేలి మందాన నూనె తేలింది. అదంతా నా తవుడు, నా పల్లిచెక్క. నేను తిననన్నాను. "నీ చేపను నువ్వు తినకపోతే మేమెట్ల తింటం?" అంది. తిన్నాను.

తింటుండగా అడిగింది. "పిల్లలెందరక్కా?"

"లేరు."

"అవునా. ఇంకొంచెం పులుసు ఏసుకో."

అంతే. అయ్యో అనలేదు. ఏ దవాఖానాలో చూపించుకున్నావని అడగలేదు, ఏ దేవుడికి మొక్కావనీ అడగలేదు. ముప్పై ఏళ్లలో ఆ జవాబు విని గరిటె ఆపని మనిషిని నేను మొదటిసారి చూశాను.

బస్తా

పొద్దు వాలకముందే బయల్దేరాలని తవుడు బస్తా దింపించాను. నా కానుక కదా. చుక్కమ్మ బస్తా మూతి విప్పి వాసన చూసి, మళ్లీ కట్టేసింది.

"వద్దక్కా."

"చేపలకు కాకపోతే కోళ్లకు ఏసుకో."

"ఇంట్ల ఉంటే చెయ్యి ఊకుంటదా? కుంటకాడికి పోతది. నా చేపలను గూడ నీ చేపల్లెక్క చెయ్యమంటవా?"

చురుక్కుమంది. నిజం చెప్పాలంటే ఇంకాస్త ముద్దుగా చెప్పొచ్చు. కానీ ముద్దుగా చెప్పిన సారు మాట నేను విన్నానా? బస్తా మళ్లీ ఎక్కించాం. పెద్ద చేపను అక్కడే వదిలేశాను, అది బురదలోంచి పైకి రానేలేదు. చుక్కమ్మ నాకు గుర్రపుడెక్క మొక్కలు నాలుగు తడి గోనెలో చుట్టి ఇచ్చింది.

ఆ సాయంత్రం భద్రాచలంలో యాకూబ్ చుట్టాలింట్లో దిగాం, సత్రం మొహం చూడలేదు. శనివారం తిరుగు దారిలో యాకూబ్, "అక్కా, ఈ బస్తా ఎవరి బర్రెలకన్న ఇచ్చి పోదాం. ఊకె మోసుడెందుకు?" అన్నాడు.

"వద్దు. అది నా ఇంటికే రావాలె. నా కండ్ల ముందే ఉండాలె" అన్నాను.

ఆదివారం

బేరగాడు టబ్బులు, కాటా తీసుకుని పొద్దున్నే వచ్చాడు. నేను అప్పటికే తొట్టి గోడ మీద కూర్చుని ఉన్నాను. తొట్లో మిగిలినవి ఆరు.

"పోయి ఏం తెలుసుకున్నవ్?" అన్నాడు మా ఆయన.

"తప్పు నాదే అని తెలుసుకున్న. చేపలది గాదు. అందుకే వీటిని అమ్మను."

"తప్పు నీదైతే చేపలను ఉంచుడెందుకు?"

"దిద్దుకునేందుకు. నెల పదిహేను దినాలు వీటికి పస్తు. అయినంక మాట్లాడు."

బేరగాడు మా ఆయన మొహం చూశాడు. మా ఆయన నా మొహం చూశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మొహం ఎప్పుడు పెడతానో ఆయనకు తెలుసు. టబ్బులు ఖాళీగానే వెళ్లాయి.

పస్తు పెట్టడం మాటలంత తేలిక కాదు. తొట్టి అడుగున బండెడు చెరువు మట్టి పోయించి, అందులో వానపాములు వదిలాం. అంతకు మించి ఏమీ వేయలేదు. మొదటి వారం మనిషి నీడ పడితే చాలు ఆరూ ఒడ్డుకొచ్చి నోళ్లు తెరిచేవి. నేను తొట్టి వైపు పోకుండా ఇంటి వెనక నుంచి తిరిగేదాన్ని. నాకూ అన్నం సయించలేదు. లంఖణం పరమౌషధమని చదివి చెప్పేవాడికేం, చూసేవాళ్లకు తెలుస్తుంది. ఊరివాళ్లు నా మీద పడ్డారు. నిన్నటిదాకా గొడ్డు చేపలన్నవాళ్లే, నోరు లేని జీవాలను మాడుస్తున్నావన్నారు. పెట్టినా నేనే, మాడ్చినా నేనే, మీకేంటని అన్నాను.

పదో రోజున మా ఆయనను పట్టుకున్నాను. తవుడు బస్తా దగ్గర నిలబడి పిడికిలి వెనక్కి దాచుకున్నాడు. అమ్మేద్దామన్న మనిషే. "ఒక్క పిడికెడు. సూడలేకపోతున్న" అన్నాడు. ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి తవుడు బస్తాలోనే రాల్చాను. రేకు మూతను ఆ రోజే అటక మీద పడేశాను.

పస్తు రోజులు తీరాక దినం తప్పించి దినం మొలకెత్తిన ఉలవలు దోసెడు వేశాం. కొత్త నీళ్లు పెట్టి, పక్క తొట్లో ఉన్న మగ చేపలను తెచ్చి వదిలి, చుక్కమ్మ ఇచ్చిన గుర్రపుడెక్క వేశాం. ఉగాది వెళ్లిన కొద్ది రోజులకు ఒక పొద్దున నీళ్లు అల్లకల్లోలంగా ఉన్నాయి. వేళ్ల నిండా గుడ్లు. మూడో రోజు ఎండకు పెట్టి చూస్తే రెండేసి నల్ల చుక్కలు. మా ఆయనను పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు ఆ మొక్కను చేతిలోంచి దించలేదు. చుక్కమ్మకు ఫోను చేశాను. నేను వదిలొచ్చినది ఇంకా దొడ్డుగానే ఉందట, మళ్లీ మిరప కోత దాకా చూస్తానంది. పర్ణశాలలో నీళ్లు మోసిన ఆవిడ కనబడితే ఈ సంగతి చెప్పమన్నాను. చీర గుర్తులు చూపించే ఆవిడ అంటే పట్టుకుంటానంది.

గుడ్లు పెట్టినవి నాలుగు. రెండు పెట్టలేదు. పొట్ట తడిమితే తెలుస్తూనే ఉంది. వాటికి కొవ్వు కరిగే వయసు దాటిపోయింది.

బేరగాడు ఆ కబురు విని ఇంకో ఆదివారం వచ్చాడు. ఈసారి మర్యాదగానే మాట్లాడాడు. "నాలుగు పెట్టినయట గదక్కా, మంచిదాయె. ఆ రెండు ఇయ్యి, తీసుకపోత. గొడ్డువాటిని సాకి ఏం లాభం?"

"వాటిని చెడగొట్టింది నా చెయ్యి. అవి ఎటూ పోవు."

"గుడ్లు పెట్టని చేప తొట్ల ఎందుకు చెప్పు?"

"గుడ్లు పెడితెనే ఉండనియ్యాల్నా? ముప్పై ఏండ్ల సంది నేను ఈ ఇంట్ల ఉంటలేనా?"

అతను కాటా భుజాన వేసుకుని లేచాడు. మా ఆయన లోపలికి వెళ్లి మొలకల గిన్నె తెచ్చి నాకిచ్చాడు. ఆ రోజు మేత రోజు, ఆ రెండింటి వంతు దోసెడు. దోసెడే వేశాను.